అత్తగారి తొమ్మిది, కోడలి మూడు

ర్యజాన్, జనవరి 20

కోడలు రాయాకు,

అత్త పెలగేయా దీవెనలు. నిన్న సాయంత్రం నాలుగింటికి తపాలా ఆఫీసు నుంచి ఫోను చేస్తే మా గేనా ఆవులిస్తూ మాట్లాడాడు. నువ్వు పడుకున్నావట. నాలుగింటికే పక్కెక్కే కోడల్ని మా ఇంటా వంటా చూడలేదు. మరి వాడికి వండేదెవరు? నా కొడుకు గరిటె పట్టాడని తెలిసిన రోజే వాణ్ణి ర్యజాన్ తీసుకొచ్చేస్తాను.

మీ అత్త

తా.క. వాడి గొంతు చిక్కిపోయింది.

చిటా, ఫిబ్రవరి 2

అత్తమ్మగారికి నమస్కారాలు.

మీకు సాయంత్రం నాలుగైతే మాకు రాత్రి పది. పొద్దు ముందు మాకు పొడిచి, మేము మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాక మీ వీధికి వస్తుంది. మీ అబ్బాయికి క్యాబేజీ సూపు, పిండి వత్తి మాంసం కూరిన పెల్మేనీలు అన్నీ నేనే చేసిపెడుతున్నాను.

మీ కోడలు రాయా

తా.క. ఆయన సంతకం పెట్టలేదు, చేతులకు పిండి ఉంది. పిండి కాదు, సున్నం. గోడలకు వేస్తున్నారు.

ర్యజాన్, ఫిబ్రవరి 15

రాయాకు,

అయితే మీరు వాడేసిన పొద్దునా మాకు పంపేది? ఇంత చలిలో సున్నం వేసే ఇల్లు నా కళ్లతో చూడాలి. ఏప్రిల్ ఒకటిన దిగుతున్నాను. టికెట్టు మీద ఉదయం తొమ్మిది అని ఉంది. రైళ్లకు మాస్కో గడియారమే గడియారం కనుక మీ ఆరు గంటలు నువ్వే కలుపుకో. వేసవి వెలుగు కలిసొచ్చేలా ఆ రోజు నుంచి దేశమంతా గడియారాలు గంట ముందుకు తిప్పాలని రేడియోలో చెప్పారు. నువ్వూ తిప్పు.

మీ అత్త

తా.క. ఇది ఏప్రిల్ ఒకటి వేళాకోళం కాదు. పెళ్లయ్యాక నేను వేళాకోళమాడింది లేదు.

చిటా, మార్చి 1

అత్తమ్మగారికి,

గంట సంగతి చదివి చాలా నవ్వుకున్నాను. ఏప్రిల్ ఒకటిన ఎవరినీ నమ్మకూడదని మాకూ తెలుసు. ఆయన కూడా మీతో చేరి, "రేడియోలో నేనూ విన్నానే" అంటున్నారు. పోయినేడు అదే తారీఖున, ఇక్కడ ఎన్నడూ దొరకని అరటిపళ్లు వచ్చాయని రేడియోలో చెప్పారంటూ సంచి ఇచ్చి నన్ను కొట్టుకు పంపిందీ ఆయనే. తొమ్మిదికి ఆరు కలిపితే మధ్యాహ్నం మూడు. మూడింటికి స్టేషన్లో ఉంటాను.

మీ రాయా

తా.క. గడియారం జోలికి మాత్రం పోను.

చిటా, ఏప్రిల్ 1, మీ వంటింట్లోంచి

రాయాకు,

గడియారాలు తిప్పడంతో పోయిన గంటను మా రైలు డ్రైవరు దారిలోనే పూడ్చుకున్నాడు. కొత్త లెక్కన మూడింటికి దిగాను, తిప్పని నీ గడియారంలో అప్పటికి రెండే. నువ్వు లేవు. నేనిటు వస్తుంటే నువ్వటు వెళ్లినట్టున్నావు. తలుపు తీసింది నా కొడుకు. నీ ఏప్రన్ కట్టుకుని, మోచేతుల దాకా తెల్లగా ఉన్నాడు.

"సున్నమా?" అన్నాను.

"పెల్మేనీలమ్మా. రాయాకు వంట రాదు కదా" అన్నాడు.

కూర్చుని ఒక పళ్లెం తిన్నాను. నేను చేసేవాటికంటే బాగున్నాయి. లోపలికి రాగానే అబద్ధమాడతావని ఈ చీటీ తలుపుకు గుచ్చుతున్నాను. వాణ్ణి తీసుకెళ్లను. వీడి నాన్న చేత ముప్పయ్యేళ్లుగా మంచినీళ్ల గ్లాసు కూడా కదిలించలేకపోయాను. నువ్వెలా సాధించావో చెప్పు.

మీ అత్త

తా.క. గడియారం నేనే తిప్పాను. వాడు గిన్నెలు కడిగే వేళైంది.

తలుపు బయటి నుంచి

అత్తమ్మగారికి,

మీ ఎదుట నాకు నోరు పెగలదు. అందుకే దీన్ని తలుపు కింద నుంచి తోస్తున్నాను. పెళ్లయిన కొత్తలో ఒకసారి సూపు మాడబెట్టాను. ఇంకోసారి ఉప్పు రెండుసార్లు వేశాను. మూడోసారి ఆయనే గరిటె లాక్కున్నారు.

మీ రాయా

తా.క. నాకు వంట వచ్చు. ఆయనతో అనకండి. అన్నా, ఈ రోజు తారీఖు చూసి నమ్మరులెండి.