పద్దెనిమిది మూరల ఇల్లు

అన్నా, బాగున్నవా? అడుగుడు అలవాటు, అందుకే అడుగుతున్న. నువ్వు పోయి ఏడాదిన్నరాయె. దుకాణంల కూసోని రాస్తున్న. గిరాకి వస్తె మధ్యల లేస్త, ఏమనుకోకు.

ముందుగాల అసలు ముచ్చట. ఇల్లు కట్టినం. మొన్ననే పాలు పొంగిచ్చినం. నీ నేరడి చెట్టు గూడ ఉన్నది.

రెండూ ఎట్ల కుదిరినయి అంటవా?

యాదికున్నదా... అయ్యగారు వాస్తు లెక్కజూసి ఇల్లు పొడుగు పద్దెనిమిది మూరలు అన్నడు. ఒక్క మూర తగ్గినా ఆయం తప్పుతదన్నడు. మూర అంటె ఇంటి పెద్ద మోచెయ్యి నుంచి నడిమేలు కొస దాక. అంటె నీ చెయ్యి. నువ్వు తాడు పట్టి కొలిస్తె గోడ మూల సక్కగ చెట్టు మొదట్లకు పోయింది. ఇవతల రోడ్డు. జరిపేటందుకు జాగ లేదు.

తాడు చుట్టి చంకల పెట్టుకున్నవ్. "అరవైతొమ్మిది తెలంగాణ గొడవల బజారంత బందైతె గీ చెట్టే మనకు దుకాణమైంది. దీన్ని నరికి నేను ఇంట్ల పంటనారా?" అన్నవ్. నిజమే... దాని కింద గోనెసంచి పరిచి ఉప్పు, మిరపకాయ అమ్మినం గద.

నాలుగేండ్లు అట్లనే పోయినయి. దుకాణం ఎనుక ఒక్క అర్రల ఎనిమిది మందిమి. వాన పడితె కారే కాడల్ల వదిన గంజులు పెట్టేది. నువ్వేమో "చూద్దాంలేరా" అంటుంటివి. చూడకుంటనే పోయినవ్.

ఆఖరికి వదినే అన్నది, చెట్టు కొట్టియ్యి, పిల్లలు పెద్దగైతున్నరని. గొడ్డలాయన్ను మాట్లాడిన.

ఆ పొద్దే మేస్త్రీ పునాదికి ముగ్గు పోసేటందుకు వచ్చిండు. కొలత అడిగితె నీ పాత తాడు ఇచ్చిన. పక్కకు పారేసిండు. పోయినోళ్ల చేతితోని ఉన్నోళ్ల ఇల్లు కొలుస్తరా, ఇప్పుడు పెద్దోనివి నువ్వే, చెయ్యి చాపు అన్నడు.

నా చెయ్యి సంగతి నీకు తెలుసు. "అటక మీది డబ్బ గూడ నేనే తియ్యాల్నారా పొట్టోడా" అని ఎక్కిరిస్తుంటివి. పద్దెనిమిది మూరలు కొలిచేసరికి కొత్త తాడు చెట్టుకు రెండడుగుల ఇవతలనే అయిపోయింది! మేస్త్రీ రెండుసార్లు జూసిండు. అయ్యగారు వచ్చి ఆయం సరిగ్గనే ఉన్నదన్నడు. కప్పుకు తగిలే కొమ్మ ఒక్కటి కొట్టిచ్చి, గొడ్డలాయనకు చాయ తాపి పంపిన.

ఇల్లు జర ఇరుకే. మంచం అడ్డం ఏస్తె తలుపు తెరుసుకోదు. పండ్లు రాలి కొత్త సున్నం గోడంత ఊదగైంది. వదిన పొద్దుకు నాలుగుసార్లు తిడతది, చెట్టును గాదు, నా చేతిని.

ఒక్కటే అడగాలె అన్నా. నువ్వున్నప్పుడే నన్ను కొలువుమంటె అయిపోవు గద? నువ్వు పెద్దోనివి... ఇంకొకరు కొలవచ్చని నీకు తోచలె. నాకూ తోచలె. నాలుగు వానకాలాలు నా చెయ్యి నీ పక్కనే ఉండె.

సరే, గిరాకి వచ్చింది. దసరాకు మల్ల సున్నం ఏపిస్త. చెట్టు దిక్కు గోడకు మాత్రం ఏపియ్య. వదిన ఎంత తిట్టినా సరే.

నీ పొట్టి తమ్ముడు
ఎల్లయ్య