ఐదు పిడికిళ్ల బియ్యం

అక్టోబర్ 27, సోమవారం. సాయంత్రం 5

శ్రీశైలంలో ఉండాల్సిన వాళ్లం కొల్లాపూర్ బస్టాండ్ వెనక లాడ్జిలో ఉన్నాం. రూమ్ నంబర్ ఆరు. కిటికీ సరిగ్గా పడదు. అత్తమ్మ ఆ సందులో నా చున్నీ కుక్కింది. నన్ను అడగలేదు.

జరిగింది రాసుకుంటాను. పొద్దున తొమ్మిదికి సోమశిల రేవులో లాంచీ ఎక్కాం. ఏడు గంటల ప్రయాణం. కార్తీకమాసం కాబట్టి సగం మంది శివుడి కోసం, సగం మంది సెల్ఫీల కోసం వచ్చారు. అత్తమ్మ మాత్రం రెండింటి కోసమూ కాదు. మొదటి గంట చాలా బాగుంది. రెండు పక్కలా నల్లమల కొండలు, మధ్యలో చప్పుడు లేని కృష్ణ. మేము కదులుతున్నామో కొండలు కదులుతున్నాయో తెలియలేదు. నాకు కళ్లు మూతలు పడ్డాయి.

తర్వాత గాలి లేచింది. లాంచీ ఒక పక్కకు ఒరిగింది. నీళ్లు లోపలికి కొట్టాయి. లాంచీ నడిపే తిమ్మప్ప ఫోన్లో ఎవరితోనో మాట్లాడి వెనక్కి తిప్పాడు. తుఫానట. ఎక్కడి సముద్రం, ఎక్కడి మేము! నీళ్లు జర నిమ్మళమైతే ఇదే టికెట్ మీద తీస్కపోత, ఉండేటోళ్లు ఉండుండ్రి, పోయేటోళ్లు పోండ్రి అన్నాడు. దాదాపు అందరూ బస్సెక్కారు.

నేనూ పోదామనే అన్నాను. గద్వాలలో కొత్త చీర బోర్డర్ డిజైన్ కంప్యూటర్లో సగం గీసి వదిలేసి వచ్చాను. నా డిజైన్ కోసం ఒక మగ్గం ఆగి ఉంది. అత్తమ్మ రేవు మెట్ల మీద కూర్చుని లేవలేదు. నేనైతె ఊరు సూడంది రాను, నువ్వు పో జయా అంది. అరవై ఆరేళ్ల మనిషిని తుఫానులో వదిలేసి పోతానా? పోనని ఆమెకు బాగా తెలుసు. నా కోపమల్లా దాని మీదే.

ఊరంటే తుమ్మలరేవు. ఆమె పుట్టిన ఊరు. నలభై నాలుగేళ్లుగా డ్యామ్ నీళ్ల కింద ఉంది.

అక్టోబర్ 28, మంగళవారం. ఉదయం

వాన. కరెంట్ లేదు. టీ వచ్చింది, చక్కెర రాలేదు.

అక్టోబర్ 28. మధ్యాహ్నం 3

అత్తమ్మ సంచిలో ఒక మూట ఉంది. నిన్నటి దాకా దేవుడికి ఏదో మొక్కు అనుకున్నాను. లాంచీలో దాన్ని చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది. తడిసిందేమోనని ఇవాళ విప్పి ఆరబెట్టింది. పసుపు కలిపిన మా ఇంటి బియ్యం.

పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటి వాళ్లు ఒడిబియ్యం పోస్తారు. ఒళ్లో పోసిందంతా మూటగట్టుకుని పోకూడదు. గడప దాటే ముందు ఐదు పిడికిళ్లు తీసి పుట్టింట్లోనే పెట్టాలి, ఆ ఇల్లు వట్టిపోకుండా. నాకు మా వదిన పోసినప్పుడు నేనూ పెట్టాను. ఒక చేత్తో ఫోన్ చూసుకుంటూ పెట్టాను.

అత్తమ్మ పెట్టలేదట.

ఊరు ఖాళీ చేయమని నోటీసులు వచ్చిన ఏడాది వాళ్లమ్మ పిలిపించి ఒడిబియ్యం పోసింది. ఇంట్లో సామానంతా మూటలు, అందరూ ఏడుపు, బయట బండి. ఆ గాబరాలో అత్తమ్మ మొత్తం బియ్యం మూటగట్టుకుని బండెక్కేసింది. బండి దిగి, బస్సెక్కి, పెబ్బేరు దాటాక గుర్తొచ్చిందట. ఆ వానాకాలమే ఊరు మునిగింది. రెండేళ్లకు, ఊరు ఖాళీ చేసినవాళ్లకు వేసిన రేకుల షెడ్డులో వాళ్లమ్మ పోయింది. కబురు పదకొండో రోజుకు గద్వాల చేరింది.

నాతోనే వట్టిపోయింది ఆ ఇల్లు అంది.

డ్యామ్ కట్టింది గవర్నమెంటు, నువ్వు ఐదు పిడికిళ్లు కాదు ఐదు బస్తాలు పెట్టినా గేట్లు ఆగేవా అన్నాను. నాకు తెల్వదా గంత మాత్రం అంది. తెలిసినా ఆమె ఆ తప్పును నలభై నాలుగేళ్లు మోసింది. మా ఆయన రాఘవేందర్‌కు కూడా చెప్పలేదు. నాకు ఎందుకు చెప్పిందంటే వాన వల్లే అనుకుంటాను. వాన పడుతుంటే మనుషులు ఊరికే చెబుతారు.

మామయ్య పోయి రెండేళ్లయింది. ఒడిబియ్యం ముత్తైదువలకే, ఇక ఆమెకు ఎవరూ పోయరు. నాకు తీసుకునుడు లేదు గని ఇచ్చుడుకు ఎవరడ్డం అంది. లాంచీ ఆ ఊరి మీదుగా పోతుంది. అప్పుడు నీళ్లలో వేస్తుందట. అందుకీ ప్రయాణం.

అక్టోబర్ 28. సాయంత్రం 6

పగలే నిద్రపోయాను. కలలో మా మగ్గం నీళ్ల అడుగున ఉంది. పడుగు దారాల మధ్య నుంచి చిన్న చేపలు దూరిపోతున్నాయి. ఎవరో ఒకామె కూర్చుని నేస్తోంది. వీపు మాత్రమే కనబడింది. చీర ఎంత నేసినా నీళ్ల రంగే వస్తోంది. డిజైన్ తప్పు నాదేమోనని భయపడి లేచాను.

అక్టోబర్ 29, బుధవారం

వాన, వాన, వాన. వాగులు పొంగి రోడ్లు తెగాయని ఫోన్లో వార్తలు. ఇప్పుడు పోదామన్నా పోలేం.

అక్టోబర్ 29. మధ్యాహ్నం

లాడ్జి ఎదురు సందులో శాంతమ్మ అని ఒకామె జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. డెబ్బై దాటి ఉంటాయి. చేతులు మాత్రం ఇరవై ఏళ్ల పిల్లవి. గొడుగు పట్టుకుని ఇద్దరం వెళ్లాం. మీదేవూరని అత్తమ్మ అడిగితే, మాదేమూరు, మేం ముంపోళ్లం అంది. మునిగిన ఊళ్ల వాళ్లకు ఇక్కడ అదే పేరు. ఏ ఊరని అడిగితే తుమ్మలరేవు అంది.

అత్తమ్మ చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది.

శాంతమ్మ ఆ ఊరికి కోడలు. అత్తమ్మ వాళ్లింటికి రెండిళ్ల అవతల ఇల్లు. అత్తమ్మ తన పేరు చెప్పగానే, ఓ బాలనాగా, గీ పండ్లూడిన ముసల్దానివి నువ్వేనా అని పట్టుకుంది. ఆ తర్వాత నేను అక్కడ లేనట్టే. పళ్లెంలోని జొన్నపిండి చదును చేసి ఇద్దరూ వేళ్లతో ఊరు గీశారు. ఇది రేవు. ఇది కంసాలోళ్ల ఇల్లు. ఇక్కడ మలుపు. కాదు, మలుపు ఇటు. ఒకరు గీసింది ఒకరు చెరిపి మళ్లీ గీశారు. బయట వాన, పొయ్యి వెచ్చదనం, ఇద్దరి గొణుగుడు. నాకు మళ్లీ లాంచీలో ఉన్నట్టే అనిపించింది. చివరకు శాంతమ్మ ఆ పిండిలో వేణ్నీళ్లు పోసి, వీధులన్నీ కలిపి ముద్ద చేసి, రొట్టె కొట్టి నాకు పెట్టింది. తిన్నాను. రుచిగా ఉంది.

అక్టోబర్ 30, గురువారం. సాయంత్రం 4

ఇది వెంటనే రాయాలి.

ఇవాళ అత్తమ్మ శాంతమ్మతో బియ్యం సంగతి చెప్పింది. తలొంచుకుని చెప్పింది. ఐదు పిడికిళ్లు పెట్టుడు మర్సిపోయిన అక్కా అని. శాంతమ్మ రొట్టె కొట్టడం ఆపి, నువ్వేడ మర్సిపోయినవే, మీయమ్మ మర్పిచ్చింది అంది.

ఆ రోజు ఒడిబియ్యం పోసిన ఐదుగురిలో శాంతమ్మ ఒకతె. పోయకముందే అత్తమ్మ వాళ్లమ్మ ఆడవాళ్లందరినీ వంటింట్లోకి పిలిచి చెప్పిందట. పిల్లకు ఎవ్వరు యాది చేయకుండ్రి. ఇల్లే లేకపాయె, ఏడ పెడతది? మొత్తం తీస్కపోనీ. బండి పోతది, జల్ది జల్ది అని కూతురిని తొందరపెట్టింది కూడా ఆమే. బండి మీ మేనమామదే, నిన్నిడిసి ఏడికి పోతుండె అంది శాంతమ్మ. బండి మలుపు తిరిగినంక మీయమ్మ గడపల కూసొని గంటసేపు లేవలే అని కూడా చెప్పింది.

సంతోషపడుతుందనుకున్నాను. అత్తమ్మ లేచి గొడుగు లేకుండా వానలో నడిచి లాడ్జికి వచ్చేసింది. తల తుడుస్తుంటే నా చెయ్యి తోసేసింది. ఇగ రావద్దని పంపిందా నన్ను అంది. రెండుసార్లు అంది.

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. ఐదు పిడికిళ్లు పెట్టడమంటే మళ్లీ వస్తానని చెప్పడం. మళ్లీ పిలవడానికి ఇల్లు ఉండదని ఆ తల్లికి తెలుసు. ఆ మాట కూతురికి చెప్పలేక, బండి పోతోందని అబద్ధమాడింది. కూతురేమో తప్పు తనదనుకుని ఇన్నేళ్లు బతికింది.

అత్తమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. నేను బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. ఆమె కోసమా, ఫోన్ చూసుకుంటూ పెట్టిన నా ఐదు పిడికిళ్ల కోసమా, తెలియదు.

అక్టోబర్ 31, శుక్రవారం. ఉదయం

మాట్లాడలేదు. టీ తాగింది.

అక్టోబర్ 31. మధ్యాహ్నం 2

పదకొండుకు మబ్బు విరిగింది. అత్తమ్మ మూట తీసుకుని శాంతమ్మ దగ్గరికి నడిచింది. వెనక నేను. మూట ఆమె చేతిలో పెట్టి, వండు అంది. శాంతమ్మ ఒకసారి ముఖంలోకి చూసి బియ్యం కడిగింది. పసుపు నీళ్లు సందులో వాన నీళ్లతో కలిసి పోయాయి. ముగ్గురికీ సరిపోయింది. పచ్చిపులుసుతో తిన్నాం. అత్తమ్మ రెండోసారి పెట్టించుకుంది. వాళ్లమ్మను తిట్టుకుంటూ తిన్నది. ఎంత మొండిది, ఎంత అబద్ధాలకోరు అని. శాంతమ్మ అవునవునని ఇంకా ఎక్కిస్తూ కూర్చుంది. చివరికి ఇద్దరూ నవ్వారు. నాకు హాయిగా అనిపించింది.

తిమ్మప్ప ఫోన్ చేశాడు. రేపు పొద్దుగాల తొమ్మిదింటికి లాంచీ.

ఇంక వేయడానికి ఏమీ లేదు కదా, గద్వాల బస్సెక్కుదామా అని అడిగాను. ఇచ్చేదుంటెనే పోతరా పుట్టింటికి అంది.

నవంబర్ 1, శనివారం. లాంచీలో, ఉదయం 11

మళ్లీ తుంపర. గాలి లేదు. తిమ్మప్ప వేగం తగ్గించి, గిదేనమ్మా మీ తుమ్మలరేవు, గీ నీళ్ల కిందనే అన్నాడు. అంతటా ఒకటే నీళ్లు.

అత్తమ్మ రెయిలింగ్ దగ్గర నిలబడింది. దండం పెడుతుందనుకున్నాను. రెండు చేతులతో కొంగు పరిచి పట్టింది, ఒడిబియ్యానికి పట్టినట్టు. తిమ్మప్ప ఇంజిన్ ఆపాడు. వాన చాలాసేపు కొంగులో పడింది. కొంగు బరువెక్కి కిందికి జారింది.

తడి కొంగును అలాగే మడిచి నడుముకు చెక్కుకుంది. పిండలేదు.