సాక్ష్యం చెప్పాక మానేసిన గోలీలు

మరియా,

ఇంజెక్షన్ ఫ్రిజ్ తలుపులో పాల ప్యాకెట్ పక్కన ఉంది. గడ్డకట్టే అరలో పెట్టకు. సాయంత్రం డ్యూటీ దిగి నర్మద సిస్టర్ వచ్చి వేస్తుంది. జ్వరం ఉంటే వేయించుకోకు, నాకు ఫోన్ చెయ్యి. బట్టలు పిండకు, బొంగులూరు నుంచి వచ్చాక నేను చూసుకుంటా.

ఎక్స్‌రే నిన్ననే వచ్చింది. నీకు చెప్పడానికి నోరు రాలేదు. కుడిచేతి రెండు వేళ్ల కీళ్లలో ఎముకను ఈ కీళ్లవాతం జబ్బు తినేసింది. మందు పడగానే నొప్పి పోయింది, నువ్వు చర్చిలో లేచి స్వస్థత కలిగిందని సాక్ష్యం చెప్పావు. ఇంకా గోలీలు మింగితే ఆ సాక్ష్యం అబద్ధమవుతుందని ఎండాకాలమంతా మానేశావు. పోయింది నొప్పి ఒక్కటే, జబ్బు లోపల దాని పని అది చేసుకుంటూనే ఉంది.

డాక్టరమ్మ కోపం చేసింది. "గట్టి మందు మొదట్లనే ఆపకుండ పడాలె జాకబ్. పోయిన ఎముకను నేను తెచ్చియ్యలేను. ఉన్న వేళ్లనన్న కాపాడుకుందాం" అంది.

చర్చి నుంచి దీవెనమ్మక్క వచ్చి "దేవుడు బాగుచేసిండంటివి, మళ్ల ఈ సూదులేంది?" అంటే తల దించకు. పాస్టరుగారికి అంతా చెప్పాను. "మందు మానుమని నేనెప్పుడన్న జెప్పిన్నా?" అని ఆయనే బాధపడ్డారు.

బాగైందని సంఘమంతటికీ చెప్పావు. మందు మానేశానని నాకొక్కడికి చెప్పలేకపోయావు.

జాకబ్

పెళ్లి ఉంగరం వాచిన వేలికి బిగుసుకుంది, ఇక ఆగకూడదట. వస్తూ కంసాలిని వెంటబెట్టుకొస్తా. కోస్తుంటే ఏడవకు. ఉంగరమైతే మళ్లీ చేయించుకోవచ్చు.