దారివైపు వాక్కాయలు

అత్తయ్యా,

మీరు పోయి నేటికి ఏడాది. మిరప చేను చుట్టూ మీరు కంచెగా నాటిన వాక్కాయ పొదలు ఈసారి ముళ్ళు కనపడనంత ఎర్రగా కాశాయి.

"దారివైపు కాయలు మనయ్యి కావు, కొయ్యమాక" అనేవారు. అది మీ దయ అనుకున్నాను. ఈ ఏడు పచ్చడికి చాలక, ఆ వైపువీ కోసేశాను.

రేడియోలో చెప్పినట్టే మొన్న వాన పడింది. ఊరందరికీ ఒకేరోజు మిరప నాట్లు. ఎప్పుడూ ముందు మన చేలోకే దిగే నాగమ్మ కూలీల ముఠా, బోసిగా ఉన్న పొదల్ని చూసి ముందుకెళ్ళిపోయింది. పరుగెత్తి అడిగాను.

"పెద్దమ్మగారున్నప్పుడు పప్పులోకి ఒడి నిండా కోసుకెళ్ళేవాళ్ళం. అయ్యే లేనప్పుడు ఏ చేనైతే ఏంటమ్మా?" అంది నాగమ్మ.

పీకిన నారు వాడిపోతుంటే అర్థమైంది, కూలీల కోసం మీరు ఏనాడూ ఒకరి గుమ్మం ఎందుకు తొక్కలేదో. మేకల్ని ఆపే ముళ్ళతోనే మనుషుల్ని పిలిచారు! ఇంటర్ చదివిన నాకు ఆ తెలివి లేకపోయింది.

మధ్యాహ్నం పచ్చడి జాడీ ఎత్తుకెళ్ళి, వాళ్ళు అన్నాలు తింటున్న చోట పెట్టాను. నాగమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుంది.

"ఉప్పెక్కువైంది. మీ అత్తగారి చెయ్యి కాదు" అంటూనే మళ్ళీ గిన్నె చాపింది. "రేపొస్తాంలే."