మా ఇంటి దూరు

7 జూలై 2006, శుక్రవారం

దారి దొరికింది! ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ట్రాన్స్‌క్రిప్షన్ పని ఇక ఇంటి నుంచే చెయ్యొచ్చట. డాక్టర్లు మాట్లాడిన ఆడియో దించుకుని, టైపు చేసి, తిరిగి పంపడమే కదా. దానికి రోజూ బెళ్ళందూరు దాకా వెళ్ళడమెందుకు? షరతు ఒక్కటే. ఇంట్లో నెట్ స్పీడు రెండు వందల కేబీపీఎస్ దాటాలి. 28న వాళ్ళే టెస్ట్ చేస్తారు.

దాటితే పాప నా దగ్గరే ఉంటుంది. దాటకపోతే నా లీవు అయిపోయే ముందు అత్తమ్మ వచ్చి నంద్యాల తీసుకెళ్తుంది. ఐదు నెలల పిల్ల. అత్తమ్మ బాగా చూసుకుంటుంది, నాకు తెలుసు. అయినా నాకు వద్దు.

ఇప్పుడున్నది కేబుల్ మస్తాన్ ఇచ్చిన నెట్. టెస్ట్ చేశాను. ముప్పై ఎనిమిది! వీధంతా ఆ ఒక్క తీగ మీదే వేలాడుతోంది మరి.

8 జూలై

మహదేవపుర నుంచి నా స్నేహితురాలు శిరీష ఫోన్. అది వేరే కంపెనీలో ఇదే పని ఇంటి నుంచి చేస్తోంది. టెలిఫోన్ తీగ మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్‌కు మారిపోవే అంది. కాకపోతే ఎక్స్‌ఛేంజ్ నుంచి ఇంటి దాకా తీగ ఎంత పొడవో ముందే తెలుసుకోవాలట. మూడు కిలోమీటర్లలోపైతే కళ్ళు మూసుకుని తీసుకో, నాలుగు దాటితే ఆశ వదిలేసుకో అంది.

శామ్యూల్‌కు చెప్పా. నా మొగుడికి దేనికైనా ముందు లెక్క కావాలి. స్కూటర్ మీద వెళ్ళి కొలుద్దామంటే దాని మీటరు మా పెళ్ళికి ముందే ఆగిపోయింది.

10 జూలై

పాపను ఎత్తుకుని ఎక్స్‌ఛేంజ్ నుంచి ఇంటిదాకా ఆటోలో వచ్చా. మీటరు మీద నాలుగున్నర. ఏడుపొచ్చింది. మెట్లెక్కుతూ ఆలోచిస్తే నవ్వొచ్చింది. మడివాళలో ఉన్న వన్‌వేలన్నీ తిప్పి తెచ్చాడు కదా ఆటోవాడు! తీగకు వన్‌వే ఏమిటి?

11 జూలై

ఎక్స్‌ఛేంజ్‌కే వెళ్ళి అడిగేశా. అదీ కన్నడలో! తెలుగు మాటకు చివరి సున్నా తీసేస్తే కన్నడ అయిపోతుందని నా థియరీ. మరీ బోసిగా ఉంటుందని ఒక కొమ్ము కూడా తగిలించా. బస్సు, కారు అనమూ? నమ్మ మనె దూరు బేకు, అంటే మా ఇంటి దూరం కావాలి, అన్నా. కౌంటర్లో ఆయన ఏను దూరు, అంటే ఏమి దూరు అని, రెండుసార్లు అడిగాడు. మనె దూరు, ఎక్స్‌ఛేంజ్‌నింద, ఇక్కణ్ణుంచి అని విడమరిచి చెప్పా. నన్ను ఒకలా చూసి, మా ఫోన్ నంబరు అడిగి, కంప్యూటర్లో ఏదో కొట్టి ఒక నంబరు చెప్పాడు. అరచేతి మీద రాసుకున్నా. 2140.

రెండు వేల నూట నలభై! మీటర్లేనా అని అడగలేదు. కిలోమీటర్లయితే దేశం దాటిపోవాలి కదా. పక్క కౌంటర్లోనే బ్రాడ్‌బ్యాండ్‌కు అప్లై చేసి వచ్చా. దారంతా పాపకు ముద్దులే ముద్దులు.

13 జూలై

మస్తాన్‌ను పిలిచి నీ కేబుల్ పీకేసుకోమన్నా. కొత్తది వచ్చేదాకా ఆగమని శామ్యూల్ మొత్తుకున్నాడు. ఎందుకాగాలి? రెండు కిలోమీటర్లవాళ్ళం మేము.

20 జూలై

మోడెమ్ వచ్చింది!!

20 జూలై, సాయంత్రం

లైట్లు వెలుగుతాయి, ఆరిపోతాయి. వెలిగినప్పుడు స్పీడు అరవై. ఫోన్ ఎత్తితే ఒకటే గరగర. మస్తాన్ నెట్ కూడా లేదిప్పుడు.

22 జూలై

పాప గౌన్లు ఉతికి మడతపెట్టా. ఎన్ని పంపాలో తెలియడం లేదు.

25 జూలై

చెప్పకుండా లైన్‌మన్ వచ్చాడు. పేరు గురుమూర్తి. దూరు ఏమి అని నన్నే అడిగాడు. మీ ఆఫీసులోనే చెప్పారు కదా, రెండు వేల నూట నలభై అన్నా. అది కంప్లెయింట్ నంబరమ్మా అన్నాడు.

ఈ గొడవ విని కింద నుంచి మా ఓనరు రామక్క ఎక్కి వచ్చింది. పుట్టింది, పెరిగింది ఇక్కడే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. సంగతి చెప్పగానే నడుం పట్టుకుని నవ్వింది. అయ్యో తల్లీ, దూర అంటే దూరము, దూరు అంటే కంప్లెయింటు, ఎక్స్‌ఛేంజికి పోయి ఎక్స్‌ఛేంజి మీదనే కంప్లెయింటు ఇచ్చి వచ్చినావే, నీ కన్నడము శానా బాగుండాది అంది.

నాకు నవ్వు రాలేదు. మరి అసలు దూరమెంత అని అడిగా. నాలుగు దాటుతాదమ్మా అన్నాడు గురుమూర్తి. పాపను గట్టిగా పట్టుకున్నా.

కంప్లెయింట్ అంటూ రాశాక ఏదో ఒకటి బాగుచేయందే ఆయన్ను పైవాళ్ళు వదలరట. ఏమన్నా చెడిపోయింది చూపించమ్మా అని బతిమాలాడు. మేడ మీదకు వెళ్ళాం. అక్కడ మా టెలిఫోన్ తీగ మీద రామక్క తడి దుప్పట్లు! బరువుకు అతుకు ఊడొచ్చి, చుట్టిన టేపులోంచి నీళ్ళు కారుతున్నాయి. అప్పుడు నవ్వాను నేను. రామక్క తగ్గలేదు. తీగ ఊరికే ఉండాది కదప్పా, ఆరేస్తే ఏమాయె అని గురుమూర్తినే దబాయించింది.

ఆయన స్తంభం నుంచి కొత్త తీగ లాగాడు. లైట్లు ఆరకుండా వెలుగుతున్నాయి. స్పీడు చూడటానికి మాత్రం భయమేసింది. చూడలేదు.

28 జూలై, ఉదయం

పదకొండుకు టెస్ట్.  లెక్కల మనిషి శామ్యూల్ బైబిల్ పట్టుకుని మోడెమ్ పక్కనే కూర్చున్నాడు. రామక్క ఈ రోజు బట్టలే ఉతకలేదు.

28 జూలై, మధ్యాహ్నం

231!!!

రెండు వందల ముప్పై ఒకటి! అరిచిన అరుపుకు పాప లేచి ఏడ్చింది. నేనూ ఏడ్చా. శామ్యూల్ నంద్యాలకు ఫోన్ చేశాడు.  అత్తమ్మ, టికెట్ ఎట్లాగూ ఉంది కాబట్టి వస్తాను, చూసి పోతాను అందట. ఆటో మీటరు చెప్పిందే నిజం, తక్కిన మా అంచనాలన్నీ తప్పు. తప్పయితే అయ్యాయి!

31 జూలై

మొదటి ఫైలు వెళ్తోంది. గురుమూర్తి గుమ్మంలోంచి, దూరు ఇన్నూ ఇదెయా, కంప్లెయింటు ఇంకా ఉందా అని అడిగాడు. పాప ఒళ్ళో నిద్రపోతోంది. లేదు అనడానికి ఇల్ల అనాలని ఇప్పుడు తెలుసు. లేవకుండానే చెప్పా.

దూరు ఇల్ల. దూరమూ ఇల్ల.