టాంకులో 91 ఎవరు పోశారు?

ఏమండీ,

ఇవాళ కారును తొందరపెట్టకండి. టాంకులో సగం వరకు మామూలు 91 ఆక్టేన్ పెట్రోలు ఉంది. నెమ్మదిగా బంకు దాకా వెళ్లి మిగతా సగం 98 నింపించండి. ఈ టాంకు అయ్యేదాకా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కొద్దు.

నాకెలా తెలుసంటారా? నిన్న ఆసుపత్రి దగ్గర ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ టకటకమని కొట్టుకుంది. మెకానిక్‌కి చూపించాను. "ఆక్టేన్ తక్కువదైతే ఈ ఇంజన్ ఇలాగే మొత్తుకుంటుందమ్మా. ఇదే పోస్తూ పోతే పిస్టన్లు పాడవుతాయి. సారేనా పోయించింది?" అన్నాడు. సారు కాదని నాకు అక్కడే తెలుసు. టాంకు మూత లోపల 98 అని అతికించి ఉన్నా, బంకువాడికి మళ్లీ నోటితో రెండుసార్లు చెప్పే మనిషి మీరు.

పైగా సీటు నేను జరుపుకునేదానికన్నా ముందుకు ఉంది. ఈ ఇంట్లో నాకన్నా పొట్టి మనిషి ఒక్కతే. దానికి లైసెన్సు వచ్చి పది రోజులు. ఆర్నెల్లదాకా ఈ కారు తాళం ఇవ్వనని నా మీద ఒట్టేసింది మీరే. రాత్రి భోజనాల దగ్గర నేను కారు మాట ఎత్తగానే తండ్రీ కూతుళ్లిద్దరూ ఒకేసారి మంచినీళ్ల గ్లాసు అందుకున్నారు.

బస్సులో అక్కావాళ్లింటికి వెళ్తున్నాను. సాయంత్రానికి వస్తాను.

అన్నట్టు, అమ్మాయిని తిట్టకండి. మూత తెరిచి ఆ అంకె చూపించండి. ఈసారి దానికి తాళం ఇచ్చేటప్పుడు నాకూ చెప్పండి, వెనక సీట్లో కూర్చుంటాను. నోరెత్తనని మాత్రం ఒట్టు వేయలేను.