రిజిస్టరులో పడిన వాన

కరువు సహాయ అధికారి గారి సముఖమునకు, వర్షమాపక కేంద్రం రీడరు రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా ఊళ్ళో పడినట్టు రిజిస్టరులో ఉన్న వాన పడలేదని, దానిని కొట్టివేసి నీళ్ళ ట్యాంకరును తిరిగి పంపించవలసిందని కోరుట గురించి.

తమకు తెలియజేసుకొనునది ఏమనగా:

1. నేను పందొమ్మిదేళ్ళుగా బడి ఆవరణలోని వర్షమాపకం డబ్బా తెరిచి, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు అందులోని నీటిని కొలిచి రిజిస్టరులో రాస్తున్నాను. ఒక్కరోజు నాగా లేదు. ఈ ఏడు వానాకాలం మొదటి నెలంతా సున్నాలే. ఊళ్ళో నాకు ‘సున్నా మాస్టారు’ అని పేరు పెట్టారు. ఆ సంగతి అర్జీకి అవసరం లేదు, కడుపు మండి రాస్తున్నాను.

2. రెండో నెల నుంచి డబ్బాలో నీళ్ళు కనబడ్డాయి. ఒకరోజు పది మిల్లీమీటర్లు, ఒకరోజు ఏడు, ఒకరోజు ఆరు. కాళ్ళ కింద మట్టి మాత్రం పొడిపొడిగానే ఉండేది. నాకు అనుమానం రాలేదని అబద్ధం చెప్పను. డబ్బాలో ఉన్నది రాయమని రూలు. నేల తడిసిందా లేదా అని రాసే గడి రిజిస్టరులో లేదు. ఉన్నది ఉన్నట్టు రాశాను.

3. ఆ విధంగా ఇరవై ఏడు రోజులకు నూట తొంభై మిల్లీమీటర్లు తేలింది. తమ కార్యాలయం వారు లోటు ఐదు శాతమేనని, కావున కరువు లేదని తీర్మానించి ట్యాంకరు ఆపివేసినారు. మేము మొర పెట్టుకుంటే ఒక ఫారం పంపినారు. అందులో ‘కరువుకు కారణాలు’, ‘ఫలితాలు’ అని రెండు గడులు, ఒక్కొక్కటి నా బొటనవేలంత. కారణాల గడిలో నలుగురూ చెప్పినవి ఇరికించాను: వాన లేదు, చెరువు పూడింది, కొండ మీద చెట్లు కొట్టేశారు, బోరు పక్కన బోరు వేశారు. ఫలితాల గడి ఖాళీగా పంపాను. ఇప్పుడు నింపుతున్నాను.

4. ట్యాంకరు ఆగిన పదహారో రోజున నా భార్య పడిపోయింది. “ఈవిడ చాలాకాలంగా సరిగ్గా నీళ్ళు తాగడం లేదు, మీరు చూసుకోలేదా?” అన్నారు డాక్టరు గారు. ఆస్పత్రి మంచం మీద ఆమె నాతో చెప్పింది.

“ఏమండీ, డబ్బాలో నీళ్ళు నేనే పోసేదాన్ని. మీరు ట్యాంకరు దగ్గర లైన్లో ఉన్నప్పుడు.”

“ఎందుకే?”

“సున్నా రాసిన రోజు మీరు ముద్ద ముట్టేవారు కాదు. చూడలేకపోయాను.”

“ఆ నీళ్ళెక్కడివి?”

“నా వంతువేగా. ఎవరి బిందెలోంచీ తీయలేదులెండి.”

ట్యాంకరు ఆగింది ఆ నీళ్ళ వల్లనే అని నేను చెప్పలేదు. మర్నాడు ఆమె పోయింది.

5. మా డబ్బాలో ఒక గ్లాసు, అంటే రెండు వందల మిల్లీలీటర్ల నీళ్ళు పోస్తే పది మిల్లీమీటర్లు. నూట తొంభై అంటే మూడు లీటర్ల ఎనిమిది వందల మిల్లీలీటర్లు. ఈ ఏడు మా ఊరికి వచ్చిన వాన అంతే. పది ఉన్న రోజున గ్లాసు నిండుగా పోసింది. ఆరు ఉన్న రోజున ఆగలేక రెండు గుక్కలు తాగి ఉంటుంది. ఆ రోజులు వేలు పెట్టి చూపించగలను. అవన్నీ ఎండ మండిపోయిన రోజులే.

6. కావున ఆ వానను కొట్టివేయవలెను. అంకెల మీద తెల్లరంగు పూయవద్దు. ఒక్క గీతతో కొట్టి, కింది అంకె కనబడేటట్లు ఉంచమని చేతులు జోడించి వేడుకుంటున్నాను. ఆమెకు రాయడం రాదు. నా చేత రాయించినవి ఆ ఇరవై ఏడే. తప్పు లెక్క రాసినందుకు నాపై ఏ చర్య తీసుకున్నా సమ్మతమే. ట్యాంకరును మాత్రం ఈ వారమే పంపించాలి. మా వీధిలో ఇద్దరు బాలింతలు ఉన్నారు.

నా గోడు విసుక్కోకుండా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
వాన కొలిచేవాడు.

తా.క.: ఆమె పోయి నలభై ఒక్క రోజులు. డబ్బాలో పొద్దున్నే మళ్ళీ నీళ్ళు ఉంటున్నాయి. బడి ఎదురుగా ఉండే దర్జీ, “నువ్వే పోస్తున్నావు బాబాయ్, నా కళ్ళతో చూశాను” అంటున్నాడు. నాకు గుర్తు లేదు. అతను అబద్ధాలాడే మనిషీ కాదు. ఇవాళ నాలుగు మిల్లీమీటర్లు ఉంది. రూలు ప్రకారం కొలిచి పారబోయాలి. కొలిచాను. పారబోయడానికి చేతులు రాక తాగేశాను. రిజిస్టరులో సున్నా వేశాను.